నాంచారయ్య బావ శ్రావణం

ఏదీ, ఇటు పట్రా చూద్దాం. కొరియర్లో వచ్చిందంటే ఏంటో అనుకున్నాను భార్గవీ, ఇదా? పిడుదులు పీకే కొక్కెమా! మీ కుక్కకా? బాగుంది బాగుంది. పచ్చగా, చిలక ముక్కులా ఉంది. ఈ చీలికలో దాన్ని ఇరికించి లాగాలన్నమాట. నవ్వటం లేదమ్మా, మంచి పనే చేశావు. మా రోజుల్లో అయితే వెలిగే అగరొత్తి అంటించేవాళ్ళు, లేకపోతే కిరసనాయిలు పోసేవాళ్ళు. అదేమో వదలకపోగా, లోపలున్నదంతా ఆ గాయంలోనే కక్కిద్దంట. ఈ మాట నాకు డాక్టరమ్మ నాగశ్రీ గారు చెప్పారు. ఆవిడ సంగతికొస్తాలే, ముందు నాంచారయ్య బావ గురించి చెప్పాలి. నీకు తెలీదు, నువ్వు పుట్టకముందే పోయాడు. బావంటే చుట్టమేం కాదు. ఇక్కడే, మన చిలకలపూడిలో, నా పక్క పీట మీద కూర్చుని కమ్మలకీ హారాలకీ రాళ్ళు పొదిగేవాడు. ఆ చెయ్యి... ఏం చెప్పమంటావు! ఆవగింజంత రాయిని శ్రావణంతో పట్టి గుంటలో పెడితే, అది అక్కడే పుట్టినట్టు కూర్చునేది. శ్రావణం అంటే నెల కాదే పిచ్చిదానా, రాయిని పట్టుకునే సన్న పట్కారు. మేం అట్లాగే అంటాం.

అట్లాంటి మనిషికి చేతులు వణకటం మొదలైంది. మొదట్లో ఎవరికీ చెప్పలేదు. రాయి జారితే "చూపు ఆనట్లేదురా దుర్గారావూ" అనేవాడు. చూపు కాదని నాకు తెలుసు, ఊరుకునేవాణ్ణి. ఆఖరికి ఒక రోజు పీట ఎత్తి గోడకి ఆనించేసి, కండువా కింద చేతులు పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ పనికి రాలేదు. నలుగురిలో టీ గ్లాసు కూడా ముట్టుకునేవాడు కాదు. పెళ్ళికి పిలిస్తే భోజనాలప్పటికి మాయం. పెద్ద పొగరుబోతైపోయాడని జనం అనుకున్నారు. పొగరా! విస్తరి ముందు చెయ్యి చాపటానికి సిగ్గు, మనిషికి.

ఆ ఏడు వాన... అబ్బో, బందరంతా చెరువే. పామర్రు దగ్గర రోడ్డు మునిగిందని బెజవాడ బస్సులు ఆపేశారు. అదిగో ఆ వానలో గిలకలదిండి నుంచి అచ్చమ్మ పరిగెత్తుకొచ్చింది. మనకి చేపలు తెచ్చిచ్చేది, ఆ అచ్చమ్మే. చంకలో కూతురు వీరదుర్గ, నాలుగేళ్ళుంటాయేమో పిల్లకి. ఇంట్లో మేకపిల్లల్ని కావలించుకుని పడుకునేదంట. వాటి మీది పిడుదు ఒకటి వచ్చి, ఎక్కడ కరిచిందనుకున్నావు? కంటి రెప్పకి! వెంట్రుకల మొదట్లో, మిరియపుగింజలా. రెప్ప వాచిపోయింది, పిల్ల నులిమేసుకుంటోంది. వాళ్ళ వాడలో ఒకావిడ అగ్గిపుల్ల గీస్తానందంట. "కన్నుందే అక్కడ, కన్ను!" అని అచ్చమ్మ పిల్లని లాక్కుని వచ్చేసింది. ఈ సందు చివరే నాగశ్రీ గారు కొత్తగా ఆస్పత్రి పెట్టారు. చిన్నావిడ, చదువైపోయి ఎన్నాళ్ళో కాలేదు. చూడగానే చెప్పేశారు, "నలిపితే దాని ఎంగిలి లోపలికి పోతుంది, తెగితే మూతి లోపలే ఉండిపోతుంది. చర్మానికి ఆనుకుని పట్టుకుని తిన్నగా లాగాలి. కానీ నా దగ్గరున్న పట్కార్లు ఇంత మొద్దువి. బెజవాడ కంటి ఆస్పత్రికి వెళ్ళాలి" అని. ఎట్లా వెళ్తారు? పడవేసుకునా? అచ్చమ్మ ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడిపోయింది. "అమ్మగోరూ, ఒక్క పిల్లండీ నాకు!" నేనక్కడే ఉన్నాను, మా ఆవిడ జ్వరం మందుకెళ్ళి. నా నోటెంట వచ్చేసింది, "మా నాంచారయ్య దగ్గర సన్న శ్రావణం ఉందండీ" అని.

వెళ్ళి చెప్తే వింటాడా! శ్రావణం ఉన్న డబ్బా తీసి నా మీదకి తోశాడు. "పట్టుకుపో. నన్ను పిలవమాక." పట్టుకుని బయల్దేరాను. గుమ్మం దాటానో లేదో వెనక నుంచి కేకేశాడు. "ఒరేయ్, దాని మొన రాయిని పట్టటానికి పదును పెట్టింది. రాయి గట్టిది, పురుగు మెత్తన. అట్లాగే పట్టారంటే తెగిపోద్ది, ఉండు" అని, మోచెయ్యి పీటకి నొక్కిపెట్టి, ఆకురాయితో రుద్ది అంచు పదును చంపాడు. తన తల వెంట్రుక ఒకటి పీకి పట్టి చూసుకున్నాడు. తెగకూడదు, జారకూడదు. కుదిరింది. ఇంక డబ్బా నాకివ్వలేదు. తనే జేబులో వేసుకుని, కండువా కింద చేతులతో, వానలో నడిచాడు.

నాగశ్రీ గారు శ్రావణాన్ని మరగబెట్టించి, పిల్ల కంట్లో చుక్కలు వేసి, వెలుతురుంటదని వరండాలో బల్ల వేయించారు. అచ్చమ్మ పిల్లని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పట్టుకుంది. తీరా చేతిలోకి తీసుకున్నాక ఆవిడ ఆగిపోయారు. "నాంచారయ్యగారూ, ఈ పనిముట్టు మీకలవాటు, నాకు కాదు. ఎక్కడ పట్టాలో నేను చెప్తాను, మీరు తియ్యండి" అన్నారు. బావ మొహం చూడాలి! కండువా తీసి రెండు చేతులూ ఆవిడ ముందు పెట్టాడు. గాలికి ఆకుల్లా ఊగుతున్నాయి. "చూశారా అమ్మా?" అన్నాడు. ఆవిడ ఏం చేశారో తెలుసా? తన చెయ్యి కూడా చాపారు. అదీ వణుకుతోంది! "నాకూ భయమేనండీ" అన్నారు. బావ ఆ చెయ్యి వంక చూశాడు, చూశాడు... "గాల్లో ఉంటే వణికిద్దమ్మా. దేనికన్నా ఆనిస్తే ఆగిద్ది. నా మణికట్టు కింద మీ చెయ్యి పెట్టండి" అన్నాడు.

ఆవిడ అరచేతి మీద మణికట్టు ఆనించాడు. చిటికెన వేలు పిల్ల బుగ్గెముకకి ఆనించాడు. అమ్మాయ్, ఆగిపోయింది! గాలి తగలని దీపంలా ఆగిపోయింది. "ఇంకా కిందకి... చర్మం దగ్గర... మెలితిప్పకండి" అని ఆవిడ గుసగుసగా చెప్తున్నారు. పట్టాడు. లాగటం కాదే అది, అడగటం. నెమ్మదిగా, నిలువుగా. రెప్ప కూడా దాంతోపాటు గుడారంలా పైకి లేస్తోంది. అచ్చమ్మ కళ్ళు మూసుకుంది. మనిషి చెయ్యి అంత నెమ్మదిగా కదలగలదని నాకు అప్పటిదాకా తెలీదు, ఆ తర్వాతా చూడలేదు. రెప్ప టప్పున కిందకి వాలింది. శ్రావణం మొనలో అది, కాళ్ళు కొట్టుకుంటూ! నాగశ్రీ గారు భూతద్దం పెట్టి చూసి, "మూతితో సహా వచ్చేసిందండీ!" అని ఏడ్చేశారు, అంత చదువుకున్నావిడ. అచ్చమ్మేమో తడికొంగుతో బావ పాదాలు తుడవబోయింది. "ఛఛ, లేమ్మా" అని వెనక్కి జరిగాడు.

ఆ పిల్ల కన్ను ఏమైందంటావా? ఇవ్వాళ వలల్లో తెగిన పోగు దూరం నుంచే కనిపెట్టిద్ది, వీరదుర్గ కన్నుకేం! రెప్ప మీద చిన్న మచ్చ కూడా లేదు. బావ ఆ శ్రావణం డాక్టరమ్మకే ఇచ్చేశాడు. అది కాదు గానీ నేను చెప్పేది... పని అయిపోయాక బావ చెయ్యి మళ్ళీ మామూలే, ఊగటం మొదలెట్టింది. కండువా కిందకి దాచుకోబోయాడు. ఆ పిల్ల తువ్వాల్లోంచి చెయ్యి బయటికి తీసి ఆయన బొటనవేలు పట్టేసుకుంది. ఆయన చెయ్యి వణికితే దాని చెయ్యీ ఊగుతోంది. ఆటనుకుంది! కిలకిలా నవ్వు. "తాతా, ఊపు! ఇంకా ఊపు!" అని. మందుకొచ్చినవాళ్ళందరూ చూస్తున్నారు. బావ చెయ్యి లాక్కోలేదే. అట్లాగే, అంతమంది ముందు, వాన జల్లు మీద పడుతున్నా...

ఊఁ. ఏం లేదులే. ఆ కిటికీ రెక్క కొంచెం మూసెయ్యమ్మా, దుమ్ము పడుతోంది.