భయపడే వంతు

ఆసుపత్రి గదిలో పరీక్ష మంచం మీద పదహారేళ్ళ పిల్ల. ఒకవైపు డాక్టరమ్మ. రెండోవైపు, మంచాన్ని ఒరుసుకుని, తల్లి.

“నేనడిగింది పాపనండీ. నొప్పి ఎక్కడ?”

“దానికేం తెలుసు డాక్టరమ్మా. బొడ్డు చుట్టూ. కాలేజీ క్యాంటీన్‌లో ఏదో తినుంటుంది. బయట తినకే అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.”

“నొప్పి మీకా, పాపకా?”

“దానికొస్తే నాకొచ్చినట్టే కదండీ.”

“అయితే మీరే ఎక్కి పడుకోండి.”

“అమ్మా, మేడం సరదాకి అన్నారు. నువ్వు కంగారు పడకు.”

“పాపా, ఇక్కడ నొక్కి వదులుతున్నా. నొప్పుందా?”

“లేదండీ.”

“ఇప్పుడు?”

“లేదు.”

“చూశారా, లేదంటోంది. ఏ పేగు మెలిపడిందోనని నాకు గుండె జారిపోయింది.”

“మీరాగండి. పాపా, నొప్పి లేకపోతే దుప్పటి అలా పిడికిట్లో ఎందుకు పట్టుకున్నావు? రక్తపరీక్ష ఒకటి చెబుతోంది, నువ్వొకటి చెబుతున్నావు. స్కానింగ్‌లో తేలడం లేదు. అపెండిక్స్ అయితే ఇవాళే ఆపరేషన్ చెయ్యాలి. లోపల పగిలిందంటే...”

“పగలడమా? అయ్యో నా తల్లీ, నేననుకుంటూనే ఉన్నాను, నిన్నట్నుంచీ కుడికన్ను...”

“అమ్మా. ఇటు చూడు. ఏం కాలేదు. నాన్నకి ఫోన్ చెయ్యవూ? వరండాలో సిగ్నల్ ఉంటుంది.”

“నిన్నొదిలేసా?”

“నేనెక్కడికి పోతాను? ఇక్కడే ఉంటా.”

“సరే, సరే. ఈ తెర లాగేసి వెళ్తాను. ఫ్యాన్ గాలి సూటిగా తగుల్తోంది దానికి.”

“వెళ్ళిందా మేడం?”

“అలికిడి లేదు. చెప్పు.”

“కుడివైపు, కింద. మీరు చెయ్యి తీసినప్పుడు ప్రాణం పోయినంత పనైంది.”

“ఎప్పట్నుంచి?”

“నిన్న పొద్దుట్నుంచి. వాంతులు కూడా అయ్యాయి. కొళాయి తిప్పి చేసుకున్నా, అమ్మకి వినపడకుండా.”

“ఎందుకు? కొడుతుందా?”

“అమ్మా? కసరను కూడా కసరదండీ. పోయినేడు నేను సైకిల్ మీంచి పడితే మోకాలు చీరుకుపోయింది. ఆ రక్తం చూసి అమ్మ పడిపోయింది. నేనే కుంటుకుంటూ వెళ్ళి నీళ్ళు తెచ్చి మొహాన చల్లాను. లేచీ లేవగానే సైకిల్ ఎవరికో ఇచ్చేసింది. అప్పట్నుంచీ నేను ఏదీ చెప్పను.”

“ఇది దాచే నొప్పి కాదు. ఆపరేషన్ తప్పదు. అమ్మకి చెప్పాలి.”

“మీరొద్దు, నేను చెప్తా, మెల్లగా. ముందు కూర్చోబెట్టాలి. గోడకి ఆనుకునేట్టు. పడినా తలకి తగలదు.”

“మరి నీకు భయం లేదూ?”

“ఉందండీ. చాలా ఉంది. మా ఇంట్లో భయపడ్డానికి నా వంతు రాదు, అంతే.”

“తెర ఇవతలే ఉన్నానే, కాళ్ళు కదలక. గోడకి ఆనుకునే కూర్చున్నాను. నేను పడనులే. నువ్వు భయపడమ్మా.”