కృష్ణప్ప విమానం సందులో ఇరుక్కున్న రోజు

నా పేరు కొల్లప్ప. తండ్రి సుంకన్న. వయసు యాభై ఒకటి. వడ్రంగి పని చేస్తాను. ఉండేది పావగడ తాలూకా వై.ఎన్.హొసకోట. 1938 ఫిబ్రవరి 16న పావగడలో తాలూకా అధికారి అమల్దారుగారి ఎదుట ఇది చెబుతున్నాను. చెప్పమని నన్నెవరూ పంపలేదు, నేనే వచ్చాను.

ముద్దాయి కృష్ణప్ప నాకు బంధువు కాడు. బెంగళూరులో మోటారు మెకానిక్కుగా పనిచేసి మూడేళ్ల కిందట ఊరికి వచ్చాడు. వాళ్ల నాయన మగ్గాల కొట్టంలో విమానం కట్టడం మొదలుపెట్టాడు. ఇనుప పని అతనిది, కొయ్య పని నాది. ఊళ్లో అందరూ నవ్వారు. మొదటి నెల నేనూ నవ్వాను. తర్వాత నవ్వలేదు.

ఈ జనవరికి విమానం ఒళ్లు పూర్తయింది. పొడవు పదిహేడు అడుగులు. రెండు పక్కలా రెక్కల మొదళ్లు ఒంటికి అతికించి ఉన్నాయి. అసలు రెక్కలు, ఇంజను ఇంకా పెట్టలేదు. పెట్టడానికి కొట్టంలో చోటు లేదు. అందుకని ఊరి బయట ఉన్న పాత గోడౌనుకు చేర్చాలనుకున్నాం. కొట్టం ఉన్న మా సందు లోపలి కొస మూసుకుపోయి ఉంటుంది. బయటికి పోయే దారి ఒక్కటే. మలుపులో శనక్కాయల వ్యాపారి చిన్నరంగప్ప ఇంటి అరుగు, అరుగు మూలన రాతి కంబం ఉన్నాయి. కంబం తీస్తే విమానం తిరుగుతుంది. తీయకపోతే తిరగదు. నేను మూడుసార్లు కొలిచాను.

ఈ నెల ఎనిమిదో తేదీ సాయంత్రం చిన్నరంగప్పను అడిగాం. "తీసుకోండప్పా, మళ్లా నిలబెట్టిస్తే సాలు" అన్నాడు. నా చెవులతో విన్నాను.

తొమ్మిదో తేదీ బుధవారం ఉదయం పదిమందిమి ఒళ్లును పక్కకు వాల్చి కొట్టంలోంచి బయటికి తెచ్చాం. తొమ్మిది గంటలకు మలుపులో ముక్కు పెట్టాం. నేను చెప్పే వేళలు చిన్నరంగప్ప ఇంట్లో గోడగడియారం కొట్టగా విన్నవి. అప్పటికే చుట్టుపక్కల ఊళ్ల జనం వచ్చి కృష్ణప్పను పొగుడుతున్నారు. చిన్నరంగప్ప వచ్చి కంబానికి ఆనుకుని కూర్చున్నాడు.

"కంబం తీసేది లేదు. నా అరుగు పగలగొట్టి నువ్వు దొర అయ్యేదేందిరా?"

"నిన్న సరే అంటివి కదన్నా" అన్నాడు కృష్ణప్ప.

"నిన్నటి మాట నిన్ననే పాయె."

వెనక్కి లాగాం. తోక ఎదురింటి గోడకు, ముక్కు కంబానికి పట్టుకుంది. ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. జనం ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు.

పదకొండున్నర కొట్టగానే సందు లోపలినుంచి బోరయ్య పరిగెత్తుకొచ్చాడు. అతను చిన్నరంగప్ప చేనులో కూలి. అతని పెండ్లాం ఆంజినమ్మకు ముందురోజు నుంచి నొప్పులు. ఇక తన వల్ల కాదు, పావగడ ఆసుపత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని చెప్పింది. నలుగురు మంచం మీద మోసుకొచ్చారు. బండి బజారులో ఉంది. మధ్యలో విమానం. మంచం పైనుంచి అందిద్దామంటే, వాల్చి ఉన్నందున రెక్క మొదలు నా తలకంటే ఎత్తుగా నిలబడి ఉంది.

చిన్నరంగప్ప ఇంటికి సందులోకి ఒక తలుపు, బజారులోకి ఒక తలుపు. కృష్ణప్ప అతని కాళ్లు పట్టుకున్నాడు.

"అన్నా, నీ ఇంట్లోంచి మంచం పోనియ్యి. ఒక్క నిమిషం."

"పురిటి మంచం నా నడింట్లోకా? నీ విమానం నువ్వే తీసుకో పో."

తలుపు వేసుకున్నాడు. గడియ పెట్టిన చప్పుడు విన్నాను.

కృష్ణప్ప నా దగ్గరికి వచ్చి, "మామా, గొడ్డలి ఇయ్యి" అన్నాడు.

గొడ్డలి నా సంచిలోనే ఉంది. నేను రంపం ఇచ్చాను. "అతుకుల కాడ కోస్తే మళ్లా కలపొచ్చప్పా" అన్నాను. అతను నా మొహం చూశాడు. ఇద్దరం కోశాం. ఒక అతుకు. రెండో అతుకు. ఆంజినమ్మ అరుస్తూ ఉంది. మూడో అతుకు కోస్తుండగా గడియారం పన్నెండు కొట్టింది. అరుపు ఆగిపోయింది. కృష్ణప్ప రంపం పారేసి, గొడ్డలి తానే తీసుకున్నాడు. ఐదు నిమిషాల్లో దారి అయింది. మంచం మోసేవాళ్లు కొయ్య పేళ్లు తొక్కుకుంటూ పోయారు.

పావగడ ఇంకా రెండు మైళ్లు ఉందనగా బండిలో ఆంజినమ్మ చనిపోయింది. బిడ్డ కడుపులోనే పోయింది. కృష్ణప్ప ఆ దారంతా బండి వెనక నడిచాడు.

కృష్ణప్ప విమానంతో దారి మూసినందుకే ఆంజినమ్మ చచ్చిపోయిందని ఫిర్యాదు చిన్నరంగప్ప రాయించాడు. కింద బోరయ్య వేలిముద్ర ఉంది. అందులో కంబం మాట లేదు, తలుపు మాట లేదు. ఎందుకు వేశావని బోరయ్యను అడిగాను. "ఏం చేసేదప్పా, ఆయప్ప చేనులోనే కదా బతకాల్సింది" అన్నాడు.

లాకప్పులో కృష్ణప్ప అంతా తనదే తప్పు అంటున్నాడట. అతని మాట అలాగే రాసుకోకండి. అతను అడిగిన వెంటనే నేను గొడ్డలి ఇచ్చి ఉంటే, పన్నెండు కొట్టేసరికి బండి ఊరు దాటేది. మూడేళ్లు నా చేత్తో చిత్రిక పట్టిన కొయ్య అది. పాడవుతుందని ఇవ్వలేదు. మంచం నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఆ పిల్ల నన్ను చూస్తూనే ఉంది. అయినా ఇవ్వలేదు. ఇది ఫిర్యాదులో లేదు కాబట్టి నేనే వచ్చి చెబుతున్నాను.

పైన రాసినది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినదే ఉంది, చెప్పనిది లేదు. అంతా నిజం.

కొల్లప్ప, ఎడమ బొటనవేలి ముద్ర.