టర్బైనన్న గాలి బేరింగు

మెకానికల్ విభాగంలో టర్బైనన్నని ఎరగనివాళ్ళు లేరు. చిన్న టర్బైను ఒకటి పెట్టుకుని పీహెచ్‌డీలో చేరి ఎనిమిదో ఏడు నడుస్తోంది. తోటివాళ్ళంతా పట్టాలు పుచ్చుకుని, ఉద్యోగాల్లో కుదురుకుని, పిల్లల్ని బళ్ళో కూడా వేసేశారు. ఆయన మాత్రం వర్క్‌షాపు వెనక టీ కొట్టు బల్ల మీద కూర్చుని కోతలు కోస్తూనే ఉన్నాడు.

ఆ రోజు ఆ కోతలకో అవసరం వచ్చిపడింది. గైడు పొద్దున్నే పిలిచి, నీ యంత్రాన్ని అప్పగించడానికి కొత్త స్కాలరునొకర్ని తెచ్చావంటే థీసిస్ మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టేస్తానన్నాడు. కొత్తగా వచ్చిన ఒకమ్మాయి ఎవరి దగ్గర చేరాలో సాయంత్రంలోగా తేల్చుకోవాలి. టర్బైనన్న ఆమెని టీకి పిలిచాడు. బాయిలర్ల మీద పనిచేసే స్కాలరూ, వెల్డింగ్ స్కాలరూ పిలవకుండానే వచ్చి బల్ల చివర సర్దుకున్నారు.

నెమ్మదిగానే మొదలుపెట్టాడు. "మామూలు బేరింగులో ఇరుసు నూనె మీద తిరుగుతుంది కదమ్మా. నాది గాలి మీద. సన్నటి గాలి పొర, అంతే, ఇరుసు దేన్నీ తాకదు. మొదటిసారి నడిపినప్పుడు పైన నాణెం నిలబెట్టాను. పడలేదు."

అమ్మాయి తల ఊపింది. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. ఆపాలనే అనుకున్నాడు కూడా. కానీ ఎదుటి మనిషి తల ఊపితే ఆయన నాలుక ఆయన మాట వినదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంత్రం స్విచ్చి ఆపేసి ఇంటికెళ్ళానా, పొద్దున వచ్చి చూస్తే ఇంకా తిరుగుతోంది. ఆగడానికి రాపిడంటూ ఉండాలిగా? సెలవులకి ఊరెళ్ళొచ్చాను, నమ్మరు గానీ, కాస్త జోరందుకుంది కూడా."

"కరెంటు లేకుండానా?" అన్నాడు బాయిలర్ స్కాలరు.

"అదే కరెంటు ఇస్తోంది నాయనా."

మీటరు వెనక్కి తిరిగిందట. కరెంటాఫీసు ఇంజనీరు పరుగున వచ్చి, మా తీగలు తట్టుకోలేకపోతున్నాయి, కాస్త తగ్గించండి బాబూ అని చేతులు పట్టుకున్నాడట. తగ్గించడానికి దానికి బ్రేకేదీ? ఆ ఊపుకి బిల్డింగే మెల్లిగా తిరగడం మొదలెట్టిందట. తూర్పు వాకిలి పడమటికొచ్చింది. అలవాటు కొద్దీ నడిచి వెళ్ళిన గైడుగారు డీనుగారి కుర్చీలో కూర్చుని సాయంత్రం దాకా సంతకాలు పెట్టారట, తేడా ఎవరికీ తెలియలేదట.

మరి పునాది సంగతేమిటని వెల్డింగ్ స్కాలరు అడిగాడు. పునాది కింద కూడా గాలి పొరేనన్నాడు టర్బైనన్న, తడుముకోకుండా.

"చివరికి ఆ తిరుగుడు భూమికే అంటుకుంది. పగలు పొట్టిదైపోయింది. నక్షత్రాల లెక్కలు కట్టేవాళ్ళు ఫోను చేసి, అయ్యా, సూర్యుడు తొందరపడుతున్నాడు, మా లెక్కలన్నీ తప్పుతున్నాయి, ఆపండని ఒకటే బతిమాలడం. జాలేసింది. ఇదిగో, ఈ వేలు ఆనించి ఆపాను."

అమ్మాయి ఆ వేలు కేసి చూసి, గ్లాసు పక్కన పెట్టింది. "రాపిడి లేదు. కరెంటు అక్కర్లేదు. ఆగనే ఆగదు. అంతా మీరే చేసేశారు. ఇక నేను చేరి కనిపెట్టడానికి ఏం మిగిలిందన్నయ్యా?"

భూమిని తిప్పిన మనిషి ఇంత చిన్న సంగతి చూసుకోలేదు. ఏం మిగల్లేదంటే ఈ పిల్ల చేజారుతుంది, ఆమెతోపాటు గైడు సంతకమూ చేజారుతుంది. మిగిలిందంటే ఇప్పటిదాకా చెప్పిందంతా గాలికి పోతుంది, అదీ ఈ ఇద్దరి ముందు.

"చిన్న పని ఒకటుందిలేమ్మా," అన్నాడు చివరికి, బల్ల కేసి చూస్తూ. "అది తిరగాలి."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆయనకి.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తిరిగిందా?" ఆ అమ్మాయి మెల్లిగానే అడిగింది.

"చేత్తో తిప్పితే తిరుగుతుంది."

ఆమె లేచి సంచీ భుజాన వేసుకుంది. పంపుల మీద పనిచేసే ఇంకో ప్రొఫెసరు గది ఏ అంతస్తులో ఉందో వెల్డింగ్ స్కాలరుని అడిగి తెలుసుకుంది. తర్వాత టర్బైనన్న వైపు తిరిగి, "అయితే మీరు తిప్పుతూ ఉండండన్నయ్యా," అని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయింది.