మౌలాలీ ఓడ చూడబోయిన సంగతి

ఏ పాఠం అన్నావు? ఆ పాత ఓడ ఇంగ్లీషు పద్యమా? కూర్చో అబ్బాయ్, ఆ పుస్తకాలు పక్కకి నెట్టి కూర్చో. అది ఇంకా తీసెయ్యలా? మొన్న రిటైరయ్యేదాకా పద్దెనిమిదేళ్ళు చెప్పా దాన్ని, ఇదే నరసరావుపేటలో, నువ్విప్పుడు చెప్తన్న ఆ గదిలోనే. మధ్యలో పుస్తకాలు మారినాయిగానీ ఆ పద్యం పోలా. అర్థమేముందయ్యా, గైడులో ఉండేదే. యుద్ధాలు చేసిన ఓడ, ముసల్దైంది, సర్కారోళ్ళు తుక్కుకి అమ్మబోతన్నారు. కవికి కడుపు మండింది. శత్రువు ముట్టలేని ఒంటిని మీరు సుత్తితో ముట్టుకుంటారా, జెండా కట్టి నడిసముద్రంలో ముంచేయండి, అదీ దానికి మర్యాద, అంటాడు. దేశభక్తి. పరీక్షలో తప్పకుండా అడుగుతారు. కాకపోతే ఆ పద్యం అంటే నాకు మౌలాలీ గుర్తొస్తాడు. నీకు తెలవదులే.

మౌలాలీ అంటే స్టేషన్ కాడ రైసుమిల్లులో బాయిలర్ మనిషి. ముంజేతుల మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు, వేడికి మాడిపోయి. నేనప్పుడు ఈ ఊరికి కొత్తగా వచ్చిన మేష్టర్ని, అరవై ఎనిమిది, సముద్రం మొహం చూసిన పాపాన పోలా. పద్యంలో ఓడ భాగాల పేర్లున్నాయి, ఏది ఏందో నాకే తెలవదు. పైగా బడికి ఇనస్పెక్టరు వస్తన్నాడు. మౌలాలీ వెనకటి యుద్ధంలో ఓడ అడుగున బాయిలర్ కాడ పనిచేశాడని ఎవరో అంటే పుస్తకం పట్టుకుని పోయా. పొయ్యిలో ఊక తోస్తానే విన్నాడు. అంతా విని, "ముంచమంటన్నాడా? ముంచాలంటే ఒకడు అడుక్కి దిగి నీళ్ళు లోపలికొచ్చే వాల్వు తిప్పాల పంతులూ. ఎవరు దిగుతారంట?" అన్నాడు. నేను నవ్వా. ఆయన నవ్వలా. "జెండా ఏ జెండా?" అన్నాడు మళ్ళీ. అప్పుడు చెప్పుకొచ్చాడు. నలభై ఆరులో బొంబాయిలో ఓడలోళ్ళు సమ్మె చేశారు గదా, పురుగుల తిండి తినలేం, దొరల తిట్లు పడలేం అని. ఈయన కూడా ఉన్నాడు అందులో. తెల్లోళ్ళ జెండా దించిన తాడు మీద ఈయన చెయ్యి కూడా పడింది. తర్వాత ఏముంది, గేటు కాడ యూనిఫారం విప్పించి రైలు టిక్కెట్టు చేతిలో పెట్టారు. "ఏడాదిన్నరకి అదే ఓడకి మన జెండా కట్టారు పంతులూ. మమ్మల్ని మాత్రం మళ్ళీ ఎక్కించుకోలా," అన్నాడు. కోపంగా అనలా. ఇయ్యాల ఊక తడిసింది అన్నట్టు అన్నాడు.

ఆ నెల్లోనే పేపర్లో పడింది, ఆయన పనిచేసిన ఆ ఓడని బొంబాయిలో విరగ్గొడుతున్నారని. ఆయనకి చదువు రాదు, నేనే పోయి చదివి వినిపించా. ఎందుకు చదివానో. మర్నాడే బండెక్కాడు, గుంతకల్లు మీదగా. వాళ్ళావిడ గుల్జార్ బేగం మా గుమ్మంలోకొచ్చి, "నువ్వు నోరు మూసుకోనుంటే పోయేవాడు కాదు అన్నయ్యా, అసలే దగ్గు మనిషి," అంది. వారమన్నోడు ఇరవై రెండు రోజులకొచ్చాడు, కుడి అరచేతికి గుడ్డ చుట్టుకుని. నన్ను మిల్లు కాడికి పిలిపించుకున్నాడు. "ఒకసారి చూసి, సలాం కొట్టి వచ్చేద్దామని పోయా పంతులూ. చూస్తే విరగ్గొట్టేవాళ్ళు మనోళ్ళే. కృష్ణ అవతల పాలమూరోళ్ళు. ఆడోళ్ళు గూడా రేకులు మోస్తన్నారు. నేను ఉర్దూలో అడిగితే ఒకడు తెలుగులో తిట్టాడు, ప్రాణం లేచొచ్చింది." ఆ తిట్టినోడే గ్యాసు మంట పెట్టి అడుగు రేకు కొయ్యబోతన్నాడంట. దాని కింద నూనె తొట్టి. పైకి ఏం కనపడదు, ఈయనకైతే ఆ అడుగంతా ఇంట్లో వంటిల్లు లెక్క. వద్దురా, నూనె ఉంటది అంటే, "పెద్దాయినా, జర పక్కకు జరుగు, పొద్దుగూకేలోపు కొయ్యకుంటే మేస్త్రీ కూలియ్యడు," అన్నాడంట వాడు. ఈయన ఆ మంట గొట్టాన్నే చేత్తో పట్టుకుని లాగేశాడు. చెయ్యి కాలింది అట్టానే. ఆ తర్వాత తొట్టి మూత విప్పి ఇనప కడ్డీ దించితే మూరెడు నూనె అంటుకొచ్చింది. మేస్త్రీ పని ఆపించి ఈయన్ని ఉండమన్నాడు. ఇంక పద్నాలుగు రోజులు అక్కడే ఉండి, ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ కొయ్యకూడదో సుద్దముక్కతో గీతలు గీసిచ్చాడు. "నా ఓడని నేనే ముక్కముక్కా కోయించా పంతులూ. ఒక్క మనిషికి దెబ్బ తగల్లా," అన్నాడు. ఏడుపు రాలేదా భాయ్ అనడిగా. "మొదటిరోజు వచ్చింది. తర్వాత పనుంది గదా," అన్నాడు. ఎడం చేత్తో ఇంత ఊక తోసి, "మీ కవి ఒడ్డున నిలబడి రాసినట్టుంది. అడుగున ఎవరన్నా ఉన్నారేమో అడగలా. ఈ సంగతి గూడా పిల్లలకి చెప్పు," అన్నాడు.

చెప్తానన్నా. ఇనస్పెక్టరు వచ్చాడు, వెనక బెంచీలో కూర్చున్నాడు. నేను గైడులోది చెప్పా, అక్షరం పొల్లుపోకుండా. భేష్ అన్నాడాయన. ఆ సాయంత్రం మౌలాలీ మిల్లు గేటు కాడ కాసుకొనున్నాడు. "చెప్పావా?" అన్నాడు. చెప్పా భాయ్ అన్నా. "ఏమన్నారు పిల్లలు?" అన్నాడు. నోళ్ళు తెరుచుకుని విన్నారు అన్నా. ఎంత సంబరపడ్డాడనుకున్నావ్. ఆ కట్టుగట్టిన చేత్తోనే నా భుజం పట్టుకుని, "నిజంగా?" అన్నాడు. నిజంగా అన్నా. ఆ చలికాలంలోనే దగ్గు ముదిరి పోయాడు. ఈసారి చెప్తా, ఈసారి చెప్తా అని ఏటేటా అనుకునేవాణ్ణి. ముంచేయమనే ఆ లైను కాడికొచ్చేసరికి గొంతు సవరించుకుని కింది లైనుకి పోయేవాణ్ణి. అట్టా పద్దెనిమిదేళ్ళు… ఏమే కోటేశ్వరీ, కరెంటొచ్చింది, ఆ మోటారు వెయ్యి. మళ్ళీ పోతే నీళ్ళుండవు.