రెండు నిమిషాల గాలి

హలో… ఆ, నేనే బాబాయ్. కాదు, ఇంటి నుంచి కాదు, ఆసుపత్రి నుంచే. స్కాన్ గది పక్కన కంప్యూటర్ల గదిలో ఉన్నా.

… పిన్ని బ్యాగు సర్దుతోందా? ఆపమను. ముందు నా మాట విను.

… లేదు, రేపటి ఆపరేషన్ వాయిదా పడలేదు. పడలేదనే నా ఏడుపు!

… బాబాయ్, ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. పొద్దున మిషన్లో పడుకోబెట్టి నీ మొహానికి మాస్కు పెట్టాను కదా. అప్పుడు నువ్వేం చేశావ్?

… పడుకున్నావు, నేనూ చూశాను. ఊపిరి ఎలా తీసుకున్నావని అడుగుతున్నా.

… బాగా తీసుకున్నావా? బాగా అంటే?

… పొట్ట నిండా! ఎంతసేపు?

… మొదటి నుంచి చివరిదాకానా? దేవుడా…

… నవ్వకు బాబాయ్. నాకు ఒళ్ళు మండుతోంది ఇక్కడ. నీ మణికట్టులో సూది పెట్టి రక్తం తీశాం చూడు, ఆ చీటీలు ఇందాకే చేతికొచ్చాయి. కార్బన్ డయాక్సైడ్… అదే, మనం బయటికి వదిలే గాలి… స్కాన్ ముందు తీసిన రక్తంలో నలభై ఉంది. మాస్కు పెట్టాక తీసిన దాంట్లో ఇరవై ఏడు.

… తగ్గితే మంచిదే అంటావేంటి! అది తగ్గితే మెదడులో రక్తనాళాలు ముడుచుకుపోతాయి. రక్తం పారడం తగ్గుతుంది. నీకనే కాదు, ఎవరికైనా అంతే. మా పెద్ద డాక్టరుగారిని పడుకోబెట్టి పీల్పించినా అంతే.

… వేళ్ళు జివ్వుమన్నాయా? పెదాల చుట్టూ కూడానా? మరి చెప్పొద్దూ!

… కదలొద్దన్నాను, మాట్లాడొద్దన్నాను… సరే, అదీ నిజమే.

… విను. నీ మెడలో కుడివైపు రక్తనాళం ఒకటి మూసుకుపోయిందని ముందే తెలుసు కదా. రెండు నెలల కింద నీ ఎడమ చెయ్యి పది నిమిషాలు మాట వినకుండా పోయింది అందుకే. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. అటువైపు మెదడుకి వచ్చే రక్తం సరిపోతోందా, లేక వచ్చిన ఆ కాస్తలోంచే ఆక్సిజన్ అంతా పిండుకుని బతుకుతోందా? సరిపోతుంటే మాత్రలు. పిండుకుంటుంటే ఆపరేషన్.

… ఆ, పిండుకుంటున్నట్టే వచ్చింది. కానీ రెండు వైపులా అలాగే వచ్చింది బాబాయ్! ఎడమవైపు నాళం శుభ్రంగా ఉంది కదా, అక్కడ రక్తం ఎందుకు తగ్గుతుంది? నాకు అక్కడే అనుమానం తగిలింది. నీ మొన్నటి స్కాన్లన్నీ తిరగేశా. అంతలో ఈ చీటీ చేతికొచ్చింది.

… చూపించాను. పెద్ద డాక్టరుగారిని తలుపు దగ్గరే పట్టుకుని చూపించాను. "భయపడే రోగులంతా అలాగే పీలుస్తారమ్మా, లెక్కలో సరిచేసి చూశాను, అయినా బాలేదు. రెండో వైపు కూడా మొదలైనట్టుంది, ఆలస్యం చెయ్యకూడదు" అన్నారు.

… పెద్దాయన చెప్పాక ఇంకేంటి అంటే? ఆయన మంచి డాక్టరే. కాదన్నానా? కానీ ఆయన చూస్తున్న బొమ్మే తప్పు బొమ్మ!

… అందుకే ఫోన్ చేశా. సాయంత్రం కాగితాల మీద సంతకం పెట్టకు. మళ్ళీ స్కాన్ తీశాకే పెడతానను.

… ఇంకోసారి స్కాన్ అంటే మూడు వారాలు ఆగాలి.

… అరవకు. ఎందుకు ఆగాలంటే, స్కాన్ కోసం మాస్కులోంచి పీల్పిస్తామే, ఆ గాలి సంగతి నీకు తెలీదు. కింది అంతస్తులో మిషన్ తయారుచేసి గొట్టంలో పైకి పంపుతుంది. రెండు నిమిషాలు తిరిగేసరికి సగం మాయం. ఇంకో రెండు నిమిషాలకి ఆ సగంలో సగం. సీసాలో పట్టి దాచుకునేది కాదు. కింద మిషన్ ఆయన, డాక్టరు, రక్తం తీసే నర్సు, నేను, నువ్వు, అందరం ఒకే వేళకి సిద్ధంగా ఉంటేనే పని జరుగుతుంది. వరుసలో ముప్పై మంది ఉన్నారు.

… తెలుసు. రోజూ పొద్దున లేవగానే చెయ్యి పైకెత్తి చూసుకుంటున్నావని పిన్ని చెప్పింది. మూడు వారాలు అలా చూసుకుంటూ కూర్చోవడం కష్టమే.

… నిశ్చయించుకున్నావు. మనసు గట్టి చేసుకున్నావు. అన్నీ సరే. అక్కర్లేకుండా తల తెరిపించుకుంటావా బాబాయ్? ఈత కొలనులో దూకినట్టు కళ్ళు మూసుకుని దూకేస్తే అయిపోద్దా ఇది? మధ్యలో ఏదైనా అయితే? ఆ చెయ్యి పూర్తిగా పోతే? మాట పోతే?

… నేను భయపెట్టడం లేదు. నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నా!

… పిన్నికివ్వు ఫోన్. … ఇవ్వవా? మొండి మనిషివి.

… అసలు నిన్నెవరు పీల్చమన్నారు అలా? మామూలుగా పడుకోమంటే పడుకోక, అదేదో పోటీ అయినట్టు! ఊపిరి బాగా తీస్తే మార్కులు వేస్తారనుకున్నావా? ఎవరు చెప్పారు నీకు?

… ఎవరు?

… నేనా?

… నేనెప్పుడు చెప్పాను! నీకేమైనా మతి పోయిందా, నేనే ఈ పని చేస్తూ నేనే ఎలా…

…

… మాస్కు పట్టీ బిగిస్తూ.

…

… అవును. అప్పుడు నువ్వు భయంతో దుప్పటి అంచు పట్టుకుని వదల్లేదు.

… అన్నాను. "నాకు నీళ్ళంటే భయమేస్తే నేర్పావు కదా, పొట్ట నిండా పీల్చి నెమ్మదిగా వదలమని, ఇప్పుడు నువ్వూ అలా చెయ్యి" అన్నాను.

… భయం పోవడానికి ఒకటి రెండుసార్లు చెయ్యమని బాబాయ్! పట్టీ బిగించేదాకా. స్కాన్ అంతా కాదు!

… ఆపమని నేను చెప్పలేదు. లేదు. చెప్పలేదు. తలుపేసి ఇవతలకి వచ్చేశా.

…

… ఉన్నాను. లైన్లోనే ఉన్నా.

…

… పదకొండేళ్ళుగా చేస్తున్నా ఈ పని. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతా, మాస్కు పెట్టాక రోగితో ఊపిరి మాట ఎత్తొద్దని. వేరేవాళ్ళయితే నేనూ ఎత్తేదాన్ని కాదు. నువ్వు కాబట్టి నోరు జారాను. ఇంతసేపూ నిన్ను పట్టుకుని తిడుతున్నా. సిగ్గేస్తోంది.

… ఆగాగు. బాబాయ్, ఆగు. ఇది నా తప్పయితే… మూడు వారాలు అక్కర్లేదు.

… రోగి సరిగ్గా పడుకోకపోతే మళ్ళీ వరుసలో నిలబడాలి. మా తప్పయితే అదే రోజు తియ్యాలి. మధ్యాహ్నం రెండు గంటల వేళ రోజూ ఖాళీగా ఉంచుతారు, మా తప్పులు దిద్దుకోవడానికే. డాక్టరుగారు సంతకం పెడితే చాలు.

… రాసివ్వాలి. ఫలానా తప్పు నేను చేశానని.

… నాకేం అవుతుందంటే… ఏదో అవుతుందిలే. పోయినేడు ఒక మెమో ఇచ్చారు. ఇది రెండోది. పైగా సొంతవాళ్ళకి స్కాన్ చేసేటప్పుడు ముందే చెప్పాలని రూలు. చెప్పలేదు. వేరే అమ్మాయి చేతిలో నిన్ను పెట్టబుద్ధి కాలేదు.

… వద్దు. అబద్ధం చెప్పొద్దు. "నా అంతట నేనే పీల్చాను" అని నువ్వు చెబితే తప్పు నీదవుతుంది, స్కాన్ మూడు వారాలకి పోతుంది. నీకు అర్థమవుతోందా? నన్ను కాపాడాలంటే నీ తల కోయించుకోవాలి. అంత ప్రేమ నాకక్కర్లేదు!

… రానంటే ఎలా? నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా, నువ్వు రా.

… బాబాయ్, బతిమాలుతున్నా.

… ఛీ, నీతో వేగలేను. నీ కన్నా ఆ మిషన్ నయం, చెబితే వింటుంది…

… ఉండు. ఉండుండు. పెద్ద డాక్టరుగారు కోటు తగిలించి వెళ్ళిపోతున్నారు. ఫోన్ బల్ల మీద పెడుతున్నా. కట్ చెయ్యకు.

సార్! సార్, ఒక్క నిమిషం. పొద్దున తొమ్మిదింటి స్కాన్ గురించి.

… ఆ చీటీ గురించే సార్. భయం వల్ల కాదు. గట్టిగా పీల్చమని నేనే చెప్పాను. మాస్కు పెట్టేటప్పుడు. ఆపమని చెప్పకుండా బయటికి వచ్చేశాను.

… లేదు సార్, నిద్రమత్తులో ఏం లేను. … రూలు తెలుసు సార్.

… మా బాబాయ్. సొంత బాబాయ్.

… చెప్పాల్సింది. చెప్పలేదు. అది రెండో తప్పు, అదీ రాస్తాను. ఏం చేసినా చెయ్యండి సార్, కానీ రెండు గంటల వేళ ఆయనకి ఇవ్వండి. నేను గదిలో ఉండను. వేరే అమ్మాయిని పెట్టండి. నేను బయట బెంచీ మీద కూర్చుంటా.

… కలం ఇదిగో సార్.

… ఇక్కడ. కింద, తేదీ దగ్గర.

…

హలో. బాబాయ్? సంతకం పెట్టారు. మధ్యాహ్నం రెండు గంటలకి. విన్నావా? ఇప్పుడు కూడా రానంటే మాత్రం…

… హలో? బాబాయ్?

… పిన్నీ, నువ్వా? ఆయనేడి?

… ఫోన్ నీ చేతిలో పెట్టేసి…

… చెప్పులేసుకుంటున్నాడా?

… ఇంకా పన్నెండు కూడా కాలేదు పిన్నీ. తొందరేం లేదని చెప్పు.

… వినట్లేదా?

… సరే. వీధి తలుపు దాకా వెళ్ళాడా… సరే, నువ్వూ వెంట రా. ఆ ఎడమ చెయ్యి పట్టుకో. నేను గేటు దగ్గర ఉంటా.