టుప్పి ఏం తింటుంది?

ఏదీ, ఆ కంప్యూటర్ పలక ఇటు తిప్పు. ఉండు, కళ్లజోడు పెట్టుకోనీ. ఊఁ... ఆరు కాళ్లు, రెండు తోకలు, ఒళ్లంతా రంగులు. బాగానే ఉంది. ఏం తింటుంది ఇది? చూశావా, నోరెళ్లబెట్టావు! మీ అమ్మమ్మే ఉండుంటే ఈపాటికి దీన్ని ఉండచుట్టి కిటికీలోంచి విసిరేసేది. ఏదో కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నాం, అందులోకి అమ్మమ్మ కథల్లోని జంతువులు కావాలి, చెప్పు చిన్నమ్మమ్మా చెప్పు అంటూ పొద్దుటి నుంచి నా కొంగు పట్టుకు తిరుగుతున్నావు. ఆవిడ పోయి ఇన్నేళ్లయినా ఆవిడ జంతువులకి గిరాకీ తగ్గలేదు. ఇక్కడ నేనొకదాన్ని బతికే ఉన్నానని మాత్రం ఎవరికీ గుర్తుండదు. సరేలే, కూర్చో. ఆ దిండు ఇలా అందుకో, నడుం పట్టేసింది.

మా నాన్న పుస్తకాలకి బైండింగ్ చేసేవాడు కదా. ముందుగది మొత్తం ఆయన పనిగదే. గడప దాటితే చాలు, జిగురు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకో చెప్తా విను. పుస్తకం అంచులు సమంగా కోస్తే పక్కకి సన్నటి పట్టీలు రాలతాయి, బారుగా, తెల్లగా. అవన్నీ మీ అమ్మమ్మకి. ఎందుకంటే పెద్దది కదా మహాతల్లి! అట్ట మీద రంగుకాగితం అంటించేముందు నాలుగు మూలలూ ఏటవాలుగా కోసేస్తారు చూడు, ఆ మూడుమూలల ముక్కలు నాకు. అవీ జానెడు కూడా ఉండవు. వాటి మీదే ఇద్దరం జంతువుల్ని గీసేవాళ్లం. అందుకే ఆవిడ జంతువులన్నీ పొడుగు, నావన్నీ పొట్టి. ఈ సంగతి మీ అమ్మ చెప్పలేదా? చెప్పదు. మీ అమ్మకి వాళ్లమ్మ ఏం చేసినా గొప్పే. ఆ మాటకొస్తే మా అమ్మకీ అంతే.

నాన్న పనిబల్ల పెద్దది. కింద మూడువైపులా చెక్కలు దిగ్గొట్టి ఉండేవి. గీసినవన్నీ ఆ చెక్కల లోపలివైపు అంటించేవాళ్లం, అదే మా దేశం. మా ఏంటిలే, ఆవిడ దేశం. అక్కడో తీగ ఉండేది, ఎవరైనా పక్కన కూర్చుని మాట్లాడితే తప్ప పూయదు. అందుకని వాగుడు పిట్టలు దాంట్లోనే గూళ్లు కట్టుకునేవి. ఆ పిట్టల్ని ఓ చెవుల్లేని పాము తినేది, ఎందుకంటే ఆ గోల ఇంకెవరూ భరించలేరు కాబట్టి! నవ్వుతున్నావు కదూ? నాకూ నవ్వొచ్చేది. నవ్వు దాచుకోలేక చచ్చేదాన్ని. నవ్వితే ఆవిడ గెలిచినట్టు కదా.

ఇక బారెడమ్మ అని ఓ జంతువు. పట్టీకి పట్టీ అతికించి, బల్ల ఈ కాలి నుంచి ఆ కాలి దాకా మెడ. పుస్తకాలు తెచ్చిన ప్రతివాడూ బారెడమ్మని చూడాల్సిందే. "మా పెద్దమ్మాయి బుర్ర చూశారా సార్, కొంచెం వంగండి" అని నాన్న. పాపం ఓసారి ఓ హెడ్‌మాస్టరు, అంత పొట్టేసుకుని మోకాళ్ల మీద దూరాడు లోపలికి. "అబ్బబ్బ, ఏం ఊహండీ! ఏం ఊహ!" మా అమ్మ తలుపు దగ్గర నిలబడి, "చిన్నదీ ఉంది లెండి, అదీ ఏదో గీస్తుంటుంది" అంది. విన్నావా? అదీ, ఏదో! ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు నేను. కళ్లల్లో నిప్పులు పోసుకున్నానంటే పోసుకున్నాను. ఎవరు పోసుకోరు?

అసలు చిక్కల్లా ఆ జిగురు కుంచె ఆవిడ చేతిలో ఉండటం. కొత్త జంతువు ఏదైనా సరే మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, ఎక్కడ పడుకుంటుంది. చెప్తే జిగురు పెడుతుంది, లేకపోతే లేదు. నాన్న కూడా అంత కచ్చితంగా ఉండేవాడు కాదు పుస్తకాలు తెచ్చేవాళ్ల దగ్గర! నేనోసారి కష్టపడి ఒకటి చేశాను. నీలం మూలముక్క మీద. కాళ్లుండవు, దొర్లుతుంది. చెవులు మడుచుకుంటుంది. ఎంత ముద్దుగా వచ్చిందో! పట్టుకెళ్లాను. "ఏం తింటుందే?" "ఏదైనా తింటుంది." "అన్నీ తినేదాన్ని రానిస్తే ఇక్కడేం మిగులుతుంది? దేనికి భయం?" "దేనికీ భయం లేదు." "పడుకునేదెక్కడ?" "నిద్రొచ్చినచోట." కుంచె డబ్బాలో పెట్టేసింది. "అయితే బయటే ఉండనీ." అంతే! మరి నీ బారెడమ్మకి దేనికి భయమే అని నేనూ నిలదీశాను. "తర్వాత చెప్తాలే" అంది. ఎన్నిసార్లు అడిగినా తర్వాతే. తన రూలు తనకి ఉండదన్నమాట! నాది మాత్రం గడపలో పడుంది. పొద్దున్నే అమ్మ చెత్తతోపాటు ఊడ్చేసింది.

తర్వాత ఆవిడ పెళ్లయి వెళ్లింది, పిల్లలకీ పక్కింటివాళ్ల పిల్లలకీ ఆ కథలే చెప్పి అక్కడా పేరు కొట్టేసింది. పోయింది కూడా అందరూ తలుచుకుని ఏడ్చే వయసులోనే పోయింది. నేను చూడు, ఇలా... ఏమంటున్నావ్? మీ కంపెనీలో అందరికీ ఏది నచ్చింది? టుప్పీనా?

టుప్పి నీకెలా తెలుసు? అది చెత్తలో పోయింది కదే! మూడుమూలలుగా ఉంటుందా? నీలమా? దొర్లుతుందా? ఇంకేం, నాదే! ఆ పేరు పెట్టింది కూడా నేనే! ఎంత గుండెలు తీసినదమ్మా మీ అమ్మమ్మ! బయటే ఉండనీ అని నాకు చెప్పి, మీ అమ్మకి తనదిగా చెప్పుకుందా? వెయ్యి, ఆ ఆటలో నా పేరు వెయ్యి, అందరికీ కనబడేట్టు. ఏంటీ? చెల్లెలిదనే చెప్పిందా? ప్రతిసారీనా? ...ఊఁ. చెప్పక చస్తుందా మరి.

అయితే ఏం తింటుందంట? బారెడమ్మ మేస్తుంటే నోట్లోంచి రాలినవి ఏరుకు తింటుందా! ఎంగిలా! నా టుప్పికి ఎంగిలి పెట్టిందా! చూశావా ఆవిడ బుద్ధి! పడుకునేది? బారెడమ్మ పొట్ట కింద. సరే. భయం? ఆఁ, దేనికీ భయం లేదు, అది నేనన్నదే. ఎందుకు లేదట? పక్కన బారెడమ్మ ఉంటుంది కాబట్టా! అక్కడా తన గొప్పే! నా జంతువుకి కూడా తనే...

ఆగాగు. మరి బారెడమ్మకి భయం దేనికో, అది చెప్పిందా మీ అమ్మకి? ఏమని?

...నిద్రలో లేచి, పొట్ట కింద తడుముకుంటుందా? టుప్పి ఉందో లేదో అనా?

...

ఆ పలక ఇలా ఇవ్వు, నువ్వు గీసిన టుప్పిని చూడనీ. ఆ నీలం కాదే, ఇంకా ముదురు. చెవులు ఇలా ఉండవు. ఇలా.