దాటిపోయిన కుర్చీ

హలో… ఆ, నేనే వదినా, ఉమను. నంద్యాల నుంచి… పెట్టెయ్యాకు, నీకు దండం పెడతా! ఒక్క మాట.

…తెలుసు. మా పాప అమృత నిశ్చితార్థంలో అందరికీ బొట్టు పెట్టి నిన్నొక్కదాన్నే దాటిపోయినా. పెద్దాడబిడ్డవు, ముందు నీకే పెట్టాల. అన్నం గూడా తినకుండా ఆళ్లగడ్డ బస్సెక్కితివి…

ఏందీ? నీకు పిల్లలు లేరనా? అయ్యో, ఆ మాట అనాకు వదినా! అట్లా అనుకునుంటే నా కండ్లు పో—

…ఆ, ఉన్నా. ఆ ఒట్టు ఎట్ల పెట్టుకునేది నేను? అవి ముందే పోతాండాయి.

…నాటకాలు గాదు. నువ్వు కనపల్లేదు నాకు. మూల కుర్చీ మింద ఎవరో శాలువ పడేసినారనుకున్నా… అవును. నిన్నే.

…ఏడాదాయ. ఎదురుగా చూస్తే మనిషి ముకముండేకాడ నల్లగా మసక. అద్దాలతో పోయేది గాదంట. షుగర్ కంటి లోపలి నరాలు చెడగొట్టిందంట, రక్తం కారిందంట. నొప్పుంటే గదా తెలిసేది…

మాత్రలా?

…మింగేదిల్యా. కిడ్నీలు పోతాయని ఎవరో అంటే మానేస్తి. పాణ్యంలో ఒకాయప్ప ఇచ్చిన పొడి తాగితి. మీ తమ్ముడు దినామూ నీళ్లగ్లాసు తెచ్చి చేతికిచ్చి, ‘మింగితివా’ అంటాడు. మింగినా అంటా. ఆయన అట్ల పోతానే ఊసేస్తా… తిట్టు వదినా. ఇంకా తిట్టు. సిగ్గుతో సస్తాండా.

…డాక్టరమ్మ చెప్పింది. కంట్లో సూది ఎయ్యాలంట, లేజర్ గూడా. పోయిన చూపంతా రాదంట, ఉన్నదన్నా నిలబడుతుందంట… సూదికి భయం గాదు. ఆయన తోడు రావాల గదా. ఏ ముకం పెట్టుకోని చెప్పేది?

…నువ్వొస్తావా? రేపేనా? ఇంత జరిగినాక గూడా… లేదు, ఏడవను. ఏడ్చేదిల్యా.

…ముందేం చెయ్యాల? ఇప్పుడా? వద్దు వదినా, ఆయనకు నువ్వే చెప్పు. నాకు నోరు రాదు… అట్లనకు… సరే. సరే అంటి గదా! పెట్టెయ్యాకు మల్ల. ఫోను బల్ల మింద పెడతాండా, నువ్వు వింటా ఉండు.

ఏమయ్యా… ఒకసారి ఈడికి రా.

మీ అక్క ఫోన్లో ఉండాది… నువ్వు మాట్లాడొద్దంట. నేను చెప్పేది వినమంట.

గ్లాసు ఆడ పెట్టి కూచో… ఆ మాత్రలు నేను మింగల్యా. మూడేండ్ల నుంచి ఒక్కటి గూడా. కండ్లు పోతాండాయి నాకు.

…మల్లా మాత్ర, గ్లాసు నా చేతికే ఇస్తాండావా? ఇయ్యి, ఈసారి నీ ముందరే మింగుతా.